నీట ముంచిన జేగంట

వజ్రతోరణపురం కోటగుమ్మం ముందు, పొద్దు వాలే వేళ ఏటవాలు ఎండలో, గాజులమ్ముకునే అక్కాతమ్ముళ్ళు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. తమ్ముడి భుజాన గాజుల మలారం. అక్క వీపున కొంగుతో కట్టుకున్న మూడేళ్ళ పిల్ల, నెత్తిన గంప, గంపలో మసిబారిన అట్లపెనం.

వాళ్ళు అక్కాతమ్ముళ్ళు కారు. గాజులమ్ముకునేవాళ్ళూ కారు. అది అట్లపెనమూ కాదు.

ఆమె కంచుకోన కంచరివాళ్ళ కోడలు కేతమ్మ. అతను ఈ రాజ్యానికే యువరాజు, కోటలోంచి తప్పించుకుని కంచుకోనలో తలదాచుకున్న ధవళకీర్తి. మసి పూసుకుని గంపలో పడుకున్నది దేశం మొత్తం మీద మిగిలిన ఆఖరి జేగంట. కేతమ్మ అత్త సూరవ్వ దాన్ని గేదె కుడితిగోలెం అడుగున దాచబట్టి మిగిలింది. తక్కిన గంటలన్నిటినీ, కంచాలూ చెంబులతో సహా, మాంత్రికుడు ఘూకనేత్రుడు కరిగించేశాడు.

కారణం లేకపోలేదు. ముప్పైతొమ్మిది రోజుల కిందట అతను కోట నడుమ బురుజు మీద ఏనుగంత ఇనప గంటను వేలాడదీసి, ఘడియకోసారి స్వయంగా తన చేత్తోనే మోగించడం మొదలుపెట్టాడు. ఆ సమ్మెట ఇంకెవరికీ లేవదు. ఆ మోత చెవిన పడినవాళ్ళ కంటికి నిద్ర రాదు. నిద్రలేని మనిషి ఎదురు చెప్పడు, ఇదేమిటని అడగడు, చెప్పిన పని చేసుకుపోతాడు. అలా నలభై రోజులు గడిస్తే, నలభయ్యోనాటి పొద్దు గుంకేసరికి గుడ్లగూబైపోతాడు. గంట కిందే కట్టి కూర్చోబెట్టిన మహారాజు, ధవళకీర్తికి స్వయానా అన్న, పదో రోజుకే గుడ్లగూబై బురుజు పిట్టగోడ మీద వాలాడు.

ఇవాళ నలభయ్యో రోజు.

కేతమ్మ వీపున ఉన్న పైడి ఏడవడం మానేసి మూడు రోజులైంది. అదే కేతమ్మకు భయం. పిల్ల ఏడుస్తుంటే ఏం కావాలో తెలుస్తుంది. కళ్ళు గాజుగోళీల్లా పెట్టుకుని, రెప్ప కొట్టకుండా చూస్తుంటే ఏం చెయ్యాలి? నడిచినంతసేపూ చెయ్యి వెనక్కి పెట్టి పిల్ల మోచేతుల్ని తడుముతూనే ఉంది, ఎక్కడైనా ఈక మొలిచిందేమోనని.

కంచుకోనలో సూరవ్వ చెయ్యని ప్రయత్నం లేదు. ఆమె జేగంట వైద్యంలో చేయి తిరిగిన మనిషి. మనసు చెదిరినవాళ్ళని చాప మీద పడుకోబెట్టి, గంటను మెల్లగా లేపి, కెరటం మీద కెరటంగా నాదం పోసి నిద్రపుచ్చేది. ఇప్పుడూ మోగించింది. పైడి రెప్పలు వాలడం, కొండల అవతలనుంచి ఇనప మోత రావడం, కళ్ళు మళ్ళీ తెరుచుకోవడం. ఒక్క ఘడియ నిద్ర పడితే శాపం విడిపోతుంది. ఆ ఒక్క ఘడియే దొరకడం లేదు. అందుకే కేతమ్మ ఇనప గంట ఉన్నచోటికే బయల్దేరింది. అది ఒక్క ఘడియ నోరు మూస్తే బిడ్డ బతుకుతుంది.

"ఏమే, గంపలో ఏమిటది?" అన్నాడు తలారి గండప్ప. అతని మీసాలు బారెడు. కళ్ళు ఎండుమిరపకాయల్లా ఉన్నాయి.

"అట్లపెనమయ్యా."

"ఇంత పెద్దదా? ఊరందరికీ వండిపెడతావా?"

"మా వాడొక్కడు చాలడూ?" అంటూ కేతమ్మ యువరాజు వైపు చెయ్యి చూపించింది. "పదహారు అట్లు తిని ఇంకా ఉన్నాయా అంటాడు."

ధవళకీర్తి జన్మలో ఎవరితోనూ అలాంటి మాట పడలేదు. అయినా పొట్ట నిమురుకున్నాడు.

గండప్ప నమ్మకం కుదరని ముఖంతో పెనం వైపే చూశాడు. "కాపలా గదిలో పిండి రుబ్బి ఉంది. పోసుకుందామంటే ఊళ్ళో పెనం లేదు, అన్నీ కొలిమి పాలయ్యాయి. ఇక్కడే పొయ్యి ముట్టించు. అట్టు పోస్తే పెనమని నమ్ముతా. లేదంటే నిన్నూ నీ తమ్ముణ్ణీ ఆ కొలిమికే పంపుతా."

మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు ఎగదోస్తుంటే యువరాజు వంగి గుసగుసలాడాడు. "కేతక్కా, గంట పాడైపోదూ?"

"అట్టు వేడికి కంచు నొచ్చుకోదు రాజా. ఎర్రగా కాలితేనే దానికి గండం. నువ్వు గాజులు సర్దుతున్నట్టు కనబడు, కత్తి పిడి బయటికొచ్చింది."

అట్టు పోసింది. కాలింది. తిప్పి చూస్తే ఒళ్ళంతా సుత్తిదెబ్బల గుంటలు.

"ఈ గుంటలేమిటే?"

"గుంటలుంటే నెయ్యి నిలబడుతుందయ్యా."

గండప్పకు ఆ మాట సబబుగానే తోచింది. రెండో అట్టు మాత్రం అంటుకుపోయింది. కేతమ్మ అట్లకాడతో అంచు గీకేసరికి, చెయ్యి జారి అట్లకాడ గంట అంచుకు తగిలింది.

గుమ్మ్‌మని సన్నగా, లోతుగా, తేనెపట్టు కదిలినట్టు ఒక నాదం లేచింది.

గండప్ప నోరు తెరుచుకుంది. మూసుకోలేదు. ఇంకా తెరుచుకుంది. మీసాలు రెండూ చెవుల దాకా పోయాయి. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. నలభై రోజులకు వజ్రతోరణపురంలో మొదటి ఆవలింత అది. అతన్ని చూసి పక్కనున్న బల్లెంవాడు ఆవలించాడు, వాణ్ణి చూసి తలుపు దగ్గరవాడు, వాణ్ణి చూసి గోడమీదివాడు. అందరి తర్వాత, కేతమ్మ మెడ వెనక వెచ్చగా, చిన్నగా పైడి ఆవలించింది.

"అమ్మా," అంది పిల్ల. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

కేతమ్మ చెయ్యి వెనక్కి పెట్టి పిల్ల వీపు తట్టింది.

"తల్లీ," అన్నాడు గండప్ప, గొంతు పూర్తిగా మారిపోయి. "అట్టు సంగతి వదిలెయ్. ఆ చప్పుడు ఇంకోసారి చెయ్యవా?"

చెయ్యడానికి వ్యవధి లేకపోయింది. ఆ నగరంలో ఆవలించడం నేరం. బురుజు మీద గుడ్లగూబ ఒకటి కీచుమంది. ఖణేల్‌మని ఇనప గంట మోగింది. రాతిగోడలు వణికాయి, పొయ్యిలో నిప్పు చెదిరింది, పైడి కళ్ళు మళ్ళీ గాజుగోళీలయ్యాయి. నల్లగుర్రాల మీద ఇరవైమంది భటులు దూసుకొచ్చారు.

"ఆవలించిందెవరు?"

కేతమ్మ నోరు తెరిచేలోగా గండప్ప ముందుకు నడిచాడు. "నేను. మళ్ళీ వస్తే మళ్ళీ ఆవలిస్తాను. ప్రాణం లేచివచ్చింది."

అతన్ని గొలుసులతో కట్టారు. ధవళకీర్తి మలారంలోంచి కత్తి దూసి ఎనిమిదిమందిని కిందపడేశాడు, తొమ్మిదోవాడు గాజుల మీద జారి తనంతట తనే పడ్డాడు. అయితే పదోవాడు వెనకనుంచి వల విసిరాడు. నలభై రోజులు నిద్రలేని చేతులు ఎంతసేపని ఆడతాయి? ముగ్గుర్నీ, పిల్లనూ, పెనాన్నీ కోట నడుమకు ఈడ్చుకుపోయారు.

ఆ కోట నడుమ ఎలా ఉందనుకున్నారు? ఒకప్పుడు పగడాల స్తంభాలూ పచ్చల చూరులూ, మనుషుల నీడలు తేలే పాలరాతి వాకిలీ ఉండేవి. ఇప్పుడు అన్నిటి మీదా ఇనప రజను పొరలుగా పేరుకుంది. వేలమంది జనం నిలబడినవాళ్ళు నిలబడినట్టే, కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే, కళ్ళు మాత్రం తెరుచుకుని ఉన్నారు. నడుమ మూడు వందల మెట్ల బురుజు. దాని మొదట్లో రథం పట్టేంత కొలిమి, పక్కనే ఏనుగులకు నీళ్ళు పెట్టే రాతితొట్టి. పైన పిట్టగోడ పొడుగునా గుడ్లగూబలు, రాజుతో పాటు గంట కింద కట్టేసినవాళ్ళే. వాటిలో ఒకదాని తలమీద ఈకలు కిరీటంలా లేచి ఉన్నాయి.

ఆ మెట్లమీదుగా ఘూకనేత్రుడు దిగి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి. కనురెప్పలన్నవే లేవు. పసుపుపచ్చని గుండ్రటి కళ్ళు ఎటు చూస్తే అటు మెడ మొత్తం తిరుగుతుంది. చేతిలో ఇనప గద. ఇనుము కాల్చే వంశంలో పుట్టి మంత్రం పట్టినవాడు, ఆ గర్వం నడకలోనే ఉంది.

అతను పెనాన్ని గోటితో గీకాడు. మసి కింద కంచు తళుక్కుమంది.

"జేగంట," అన్నాడు. "కంచరిదానా, దీంతో జనాన్ని నిద్రపుచ్చి ఏం బావుకుంటావు? నిద్రపోయినవాడు లేవగానే ఆలోచిస్తాడు. ఆలోచించేవాళ్ళతో రాజ్యం ఏలడం ఎంత చాకిరీనో నీకేం తెలుసు."

"నా బిడ్డకి ఒక్క ఘడియ నిద్ర కావాలి," అంది కేతమ్మ. "నీ రాజ్యం నాకెందుకు?"

ఆమె మాంత్రికుణ్ణి 'నీ' అనడంతో చుట్టూ ఉన్న భటులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఘూకనేత్రుడికి అది వినోదంగా ఉంది. గంటను ఊరికే కరిగిస్తే జనం ఆశ కరగదు. వాళ్ళ కళ్ళముందే గాజుపెంకులా పగలాలి. "దీన్ని ఎర్రగా కాల్చండి. కాల్చి ఈ తొట్టి నీళ్ళలో ముంచండి. పెళుసెక్కి ఉంటుంది. అప్పుడు నా గదతో ఒక్కటిస్తాను. ముక్కలు ఒక్కొక్కరికి పంచిపెడతా."

జేగంట కొలిమిలోకి వెళ్ళింది. తిత్తులు ఊదారు. నల్లగా ఉన్నది గోధుమరంగుకు, తర్వాత దానిమ్మగింజల రంగుకు తిరిగింది. ధవళకీర్తి వలలోనే గింజుకున్నాడు. "కేతక్కా, ఏదైనా అను. కాళ్ళు పట్టుకోనా?"

"ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు," అంది కేతమ్మ. తలెత్తి మాంత్రికుడి పసుపుకళ్ళలోకి చూసింది. "ఇదిగో, దాచకుండా చెబుతున్నాను విను. నువ్వు ఇనుము ఎరిగినవాడివి, కంచు ఎరగవు. ఎర్రగా కాల్చిన కంచుని బూడిదలో కప్పి మెల్లగా ఆరనిస్తే పెళుసవుతుంది. నీళ్ళలో ముంచావంటే మెత్తబడుతుంది, నీ గద దాన్నేమీ చెయ్యలేదు. పగలగొట్టాలంటే బూడిదలో పెట్టు."

ఘూకనేత్రుడు విరగబడి నవ్వాడు. "ఏడు తరాలుగా సమ్మెట పట్టిన ఇంట్లో పుట్టినవాడికి, ఏది ముంచితే గట్టిపడుతుందో అట్లపెనం ఆడది నేర్పుతుందట. నీళ్ళలో ముంచితే ఎక్కడ పగులుతుందోనని దీని భయం. ముంచండి."

చుయ్‌మంది తొట్టి. తెల్లటి ఆవిరి బురుజు సగానికి లేచింది. తొట్టి నీళ్ళు సలసలా కాగి, మెల్లగా సద్దుమణిగాయి.

ఆడదాని మాటని కాస్త వినుంటే బాగుండేదని ఆ మాంత్రికుడికి ఆ తర్వాత చాలాకాలం అనిపించింది. ఆ కథ వేరే.

గంటను రెండు స్తంభాల నడుమ గొలుసుకు వేలాడదీశారు. మాంత్రికుడు గద ఎత్తబోయాడు.

"ఆగు," అంది కేతమ్మ. "పోయేవాళ్ళ నోట్లో తులసినీళ్ళు పోస్తారు కదా. మా ఇళ్ళలో గంటను పగలగొట్టేముందు ఒకసారి అరచెయ్యి ఆనిస్తాం. అదొక్కటి చెయ్యనీ."

"కానీ. ఏడుపులు మాత్రం త్వరగా ముగించు."

ఇది మాత్రం అతనికి చెప్పని సంగతి. కంచరివాళ్ళు నిద్రలో ఉన్న గంటను ఎన్నడూ కొట్టరు. కొడితే బొంగురుగా అరిచి ఊరుకుంటుంది. ముందు దాన్ని లేపాలి. అరచేత్తో నిమిరి, పిడికిలితో అంచు చుట్టూ ఎవరికీ వినబడనంత మెల్లగా ఏడుసార్లు తాకాలి. అప్పుడు కంచు లోలోపల వణకడం మొదలుపెడుతుంది, చెవికి అందదు, చేతికి తెలుస్తుంది. అలా లేచిన గంటను ఎవరు ఏం పెట్టి కొట్టినా పూర్తిగా పలుకుతుంది.

కేతమ్మ వీపున ఉన్న పైడిని ముందుకు తిప్పుకుంది. పిల్ల చిన్న చేతిని తన చేతిలో పెట్టుకుని, ఆ అరచేత్తోనే గంటను నిమిరింది. ఒకటి, రెండు, మూడు. పిల్ల మోచేతి దగ్గర మెత్తగా ఏదో తగిలింది. చూసింది. తెల్లటి ఈక, గోరంత.

చూడనట్టే నాలుగు, అయిదు, ఆరు అనుకుంది.

ఏడోది అయ్యాక పక్కకు జరిగింది. "కొట్టు. బలం ఉంటేనే కొట్టు."

ఘూకనేత్రుడు తన బలమంతా కూడదీసి కొట్టాడు.

జేగంట పగల్లేదు. గద తగిలినచోట అరచెయ్యంత సొట్ట పడింది, అంతే. ఆ సొట్టలోంచి అంతవరకూ ఆ గంటలో లేని గొంతు ఒకటి లేచింది. ముందు మేఘం కొండల వెనక కదిలినట్టు, తర్వాత సముద్రం ఇసుకను వెనక్కి లాక్కున్నట్టు, ఆ తర్వాత వెయ్యిమంది తల్లులు ఒక్కసారి జోకొట్టినట్టు. పాలరాతి వాకిలి మీద పేరుకున్న ఇనప రజను అలలు అలలుగా పక్కకు తప్పుకుంది.

సూరవ్వ చెప్పేది: జేగంట వైద్యంలో ముందు భయం లేస్తుంది, తర్వాత ఏడుపు, ఆ తర్వాతే నిద్ర. మనిషి లోపల ఏ మూలో దాక్కున్నదాన్ని నాదం లేపి ఎదురుగా కూర్చోబెడుతుంది. భయం దగ్గర లేచి పారిపోయినవాడికి ఏమీ దక్కదు. దాన్ని చూస్తూ కూర్చున్నవాడు, లేచేసరికి మరో మనిషి అవుతాడు.

జనానికి భయమేసింది. వేలమంది ఒక్కసారి వణికారు. ఎవరూ కదల్లేదు. అప్పుడు ఏడుపు వచ్చింది. గొలుసుల్లో గండప్ప మీసాలు తడిసేలా ఏడ్చాడు. భటులు బల్లేలకు తలలు ఆనించి ఏడ్చారు. ధవళకీర్తి, అన్నను వదిలేసి తూములోంచి పారిపోయిన రాత్రిని పేరుపెట్టి చెప్పుకుని ఏడ్చాడు. ఆ వెంటనే, వలలోనే, కత్తి పట్టుకునే, గుర్రుపెట్టాడు.

కేతమ్మ కొంగు చుట్టిన పిడికిలితో గంటను మళ్ళీ తాకింది, మళ్ళీ తాకింది. కెరటం తగ్గకుండా చూసుకుంది. మోగించేవాళ్ళకు నిద్ర ఉండదు. దారిలో యువరాజు అడిగాడు, మరి నీ సంగతేమిటక్కా అని. నాది తర్వాత చూద్దాంలే అంది. ఇప్పుడు ఆ 'తర్వాత' అన్నదే వచ్చి ఎదురుగా నిలబడింది. ఆమె దాన్ని పక్కన కూర్చోమంది.

పైడి తల ఆమె భుజం మీద బరువెక్కింది. బరువంటే ఏ బరువు? నిద్రపోయిన పిల్ల బరువు. నలభై రోజులుగా కేతమ్మ మరిచిపోయిన బరువు.

బురుజు మీద కిరీటం ఈకల గుడ్లగూబకు ఒక కన్ను మూతపడింది.

వాకిట్లో అందరూ నిద్రలోకి ఒరిగారు, నిలబడినవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఘూకనేత్రుడి కళ్ళకు రెప్పల్లేవు, మూసుకోవడానికి. కాబట్టి నాదం అతని లోపలున్నదాన్ని లేపింది కానీ పడుకోబెట్టలేదు. ఏం చూశాడో ఏమో, గద జారవిడిచి, చిన్నపిల్లాడిలా ఒక్క కేక పెట్టి, బురుజు మెట్లవైపు పరుగెత్తాడు. ఇనప గంట మోగాల్సిన ఘడియ ముగియవస్తోంది. పైకెళ్ళి ఇనప గంటను ఒక్క దెబ్బ కొడితే చాలు, అందరి కళ్ళూ తెరుచుకుంటాయి. పడమట సూర్యుడు కొండ భుజం తాకాడు. ఇప్పుడు తెరుచుకున్న కన్ను ఇంక మూతపడదు.

కేతమ్మ గొలుసులోంచి జేగంటను ఊడదీసి చంకన పెట్టుకుంది. మూడు వందల మెట్లు. పరుగెత్తాలి, కానీ పిల్ల లేవకూడదు. అది ఏ యుద్ధవిద్యలోనూ నేర్పరు. పాదం వేళ్ళమీద ఆనాలి, మోకాలు మెత్తగా వంగాలి, భుజం కదలకూడదు, ఊపిరి పిల్ల ఊపిరితో పాటు నడవాలి. పక్కింటి తలుపు చప్పుడుకూ, కుక్క అరుపుకూ, గిన్నె జారితే మోతకూ గుండె గుప్పిట్లో పెట్టుకుని నలుమూలలా చూసిన ఆడది మాత్రమే అలా ఎక్కగలదు. ఆమె ఎక్కింది. ఘూకనేత్రుడు రెండేసి మెట్లు దాటుతూ రొప్పుతున్నాడు. వంద. రెండు వందలు. ఒకచోట రాయి కదిలింది. పైడి ఊఁ అంది. కేతమ్మ నిలబడిపోయింది. వీపు తట్టింది, రెండుసార్లు. పిల్ల మళ్ళీ బరువెక్కింది. ఈలోగా మాంత్రికుడు ఇరవై మెట్లు ముందుకు పోయాడు.

ఆమె పైకి చేరేసరికి అతను రెండు చేతులా సమ్మెట ఎత్తి, వెనక్కి వంగి ఉన్నాడు. ఎదురుగా ఏనుగంత ఇనప గంట. దాని వెనక ఎర్రటి సూర్యుడు, ఇంకా నాలుగు వేళ్ళ మందం మిగిలి.

కేతమ్మ రెండంగల్లో వెళ్ళి, సమ్మెటకూ ఇనప గంటకూ మధ్య నిలబడింది. ఎడమ భుజాన పిల్ల, కుడిచేత జేగంట డాలులా. మణికట్టు దగ్గర ఏదో చురుక్కుమంది. చూసుకుంది. అక్కడ ఒక తెల్లటి ఈక, ఇది ఆమెది.

"తప్పుకో," అని బురుజు అదిరేలా అరిచాడు ఘూకనేత్రుడు. "తప్పుకో కంచరిదానా, నిన్నూ నీ పిల్లనూ కలిపి..."

కేతమ్మ కదల్లేదు. ఈక మొలిచిన చేత్తో జేగంటను ఇంకాస్త ఎత్తి పట్టింది.

"కొడితే దీన్నే కొట్టాలి. కింద ఒకసారి కొట్టి చూశావుగా," అంది, గాలికి కూడా వినబడనంత మెల్లగా. "ముందు ఆ గొంతు తగ్గించు. పిల్ల పడుకుంది."